మెట్ట పక్షుల వేటకు తూటాల ఎంపిక: వేగం సంగతి చివర చూద్దాం

షాట్‌గన్ తూటా ఒక్కోదానిలో చిన్న గుళ్ళు ఎన్నో ఉంటాయి, కాని ఆ తూటాల పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో అచ్చయ్యేది వేగం. సెకనుకు 1,400 అడుగులనో 1,500 అడుగులనో రాసి, దాని పక్కన మెరుపులు గీసి, వాటి నడుమ రెక్కలు విప్పిన ఫెజెంట్ పుంజును నిలబెడతారు. గుండు సైజు, గుళ్ళ మొత్తం బరువు, గుండు ఏ లోహంతో చేసినది అన్న వివరాలు మాత్రం పెట్టె మూత మీద చిన్న అక్షరాల్లో సర్దుకుని ఉంటాయి. అమెరికాలో మెట్ట పక్షుల వేటకు, అంటే ఫెజెంట్, గ్రౌస్, బాబ్‌వైట్ క్వెయిల్, చుకార్, హంగేరియన్ పార్ట్రిడ్జ్, వుడ్‌కాక్ వంటి పక్షుల కోసం గడ్డిలోనూ పొదల్లోనూ కొండవాలుల్లోనూ నడుస్తూ చేసే వేటకు, తూటాను ఎంచుకోవలసిన వరుస దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండాలని నా అభిప్రాయం. మొదట గుండు సైజు, తరువాత గుండు నాణ్యత, ఆ తరువాత గుళ్ళ బరువు చూసుకుని, వేగం సంగతి చిట్టచివర చూస్తే చాలు. అయితే ఈ నాలుగింటికీ ముందు, ఎంపిక అనే మాటకే తావులేని భద్రత విషయం ఒకటి ఉంది.

తుపాకీ గొట్టం పక్కన చెక్కిన అక్షరాలు చదవకుండా తూటా కొనకూడదు. అక్కడ గేజ్, చాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే గది) పొడవు అనే రెండు కొలతలు ఉంటాయి. గొట్టం రంధ్రానికి సరిగ్గా సరిపోయే సీసపు గోళాలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో ఆ సంఖ్యే గేజ్ కాబట్టి, అంకె పెరిగే కొద్దీ గొట్టం సన్నబడుతుంది. 12 గేజ్ రంధ్రం సుమారు 18.5 మిల్లీమీటర్లు, 16 గేజ్ 16.8, 20 గేజ్ 15.6, 28 గేజ్ 14 మిల్లీమీటర్లు ఉంటాయి. .410 ఒక్కటే ఈ లెక్కకు లొంగదు, ఎందుకంటే అది రంధ్రం కొలతను అంగుళాల్లో నేరుగా చెప్పిన అంకె.

12 గేజ్, 20 గేజ్ తుపాకులు రెండూ ఉన్న ఇంట్లో ఆ రెండు రకాల తూటాలు ఒకే జేబులోకి ఎన్నడూ చేరకూడదు. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ చాంబర్‌లో పడితే అది ముందుకు జారి గొట్టం మొదట్లో ఇరుక్కుంటుంది. వెనుక నుంచి చూసినవాడికి చాంబర్ ఖాళీగానే కనిపిస్తుంది. పేలలేదేమని అతను ఇంకో 12 గేజ్ తూటాను వెనుక పెట్టి ట్రిగ్గర్ నొక్కితే, అడ్డుపడిన తూటాను ఢీకొని గొట్టం చీలిపోతుంది, గొట్టాన్ని పట్టుకున్న చేతి వేళ్ళు పోవచ్చు. అమెరికాలో 20 గేజ్ తూటాలను పసుపు రంగులోనే తయారుచేసే సంప్రదాయం ఈ ప్రమాదం వల్లనే స్థిరపడింది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే వాహనంలో వెళ్ళేటప్పుడు కూడా సంచులు వేరుగా ఉంచుకోవడం మంచిది, ఎందుకంటే ఈ ప్రమాదాలకు కారణం సాధారణంగా వేటగాడి అజ్ఞానం కాదు, పోయిన వారం వేసుకున్న చొక్కా జేబులో మిగిలిపోయిన ఒక్క తూటా.

చాంబర్ పొడవు ఇంకొంచెం మోసపూరితమైన వ్యవహారం. తూటా మీద రాసిన 2¾ అంగుళాలు, 3 అంగుళాలు అన్న పొడవు పేలిన తరువాతి పొడవు, అంటే మూతి మడత పూర్తిగా విచ్చుకున్నాక ఉండే కొలత. అందువల్ల పేలని 3 అంగుళాల తూటా 2¾ అంగుళాల చాంబర్‌లో ఏ అభ్యంతరమూ లేకుండా పడుతుంది, తుపాకీ మూసుకుంటుంది కూడా. పేలినప్పుడు మాత్రం ఆ మూతి విచ్చుకునేందుకు చోటు చాలక, గొట్టం సన్నబడే భాగంలోకి చొరబడి దారిని బిగిస్తుంది, దానితో లోపలి పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. తాతల కాలం నాటి 16 గేజ్ తుపాకులను తీసి తుడిచి వాడాలనుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే పాత అమెరికన్ 16 గేజ్ తుపాకులు చాలావాటిలో చాంబర్ 2 9/16 అంగుళాలే. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చేసిన డమాస్కస్ గొట్టాల సంగతైతే, అనుభవమున్న తుపాకీ మరమ్మతుదారు చూసి చెప్పేదాకా ఆధునిక తూటా దగ్గరికి కూడా తేకూడదు.

ఇక గుండు సైజు. అమెరికన్ పద్ధతిలో నంబరు పెరిగితే గుండు చిన్నదవుతుంది. 17 నుంచి నంబరును తీసివేస్తే గుండు వ్యాసం అంగుళంలో నూరో వంతుల్లో వస్తుందన్న సులువైన లెక్క ఒకటుంది. 6 నంబరు గుండుకు 11 వస్తుంది, అంటే 0.11 అంగుళం. 4 నంబరుకు 0.13, 7½ నంబరుకు 0.095, 8 నంబరుకు 0.09. ఒక ఔన్సు సీసంలో 4 నంబరు గుళ్ళు సుమారు 135, 5 నంబరు 170, 6 నంబరు 225, 7½ నంబరు 350, 8 నంబరు 410 పడతాయి. ఈ అంకెలను కాసేపు చూస్తే ఎంపికలోని పేచీ మొత్తం అర్థమవుతుంది. బరువున్న గుండు లోతుకు వెళుతుంది, కాని సంఖ్య తగ్గుతుంది. చిన్న గుండు దట్టంగా పడుతుంది, కాని ఒక్కొక్కదానిలో శక్తి తక్కువ. 4 నంబరు గుండు 8 నంబరు గుండుకు సుమారు మూడింతల బరువు. పక్షి గాయపడి పొదల్లోకి పారిపోకుండా, అక్కడికక్కడే పడిపోవాలంటే రెండూ కావాలి: ప్రాణాధారమైన భాగాలకు కనీసం నాలుగైదు గుళ్ళు తగిలేంత దట్టం, తగిలినవి అక్కడిదాకా చేరేంత బరువు.

ఫెజెంట్ పుంజు విషయంలో రెండో షరతే ఎక్కువ ముఖ్యం. 1880ల ఆరంభంలో షాంఘై నుంచి ఓరెగాన్‌కు తెచ్చి వదిలిన పక్షి ఇది. అక్కడి నుంచి దేశం ఉత్తర భాగమంతా వ్యాపించి, సౌత్ డకోటాకు రాష్ట్ర పక్షి అయ్యేంతగా ఈ నేలకు అలవాటు పడింది. పుంజు 1.2 నుంచి 1.4 కిలోల దాకా తూగుతుంది, రొమ్ము కండ మందం, ఈకలు గట్టివి, పైగా అది ఎక్కువసార్లు వేటగాడికి వీపు చూపిస్తూ దూరమవుతుంది. అలా వెళ్ళే పక్షికి గుండు తోక వైపు నుంచి తగిలి, పేగులు, కండ దాటుకుని ఊపిరితిత్తుల దాకా చేరాలి. పక్కగా ఎగిరే పక్షిలో ఆ ప్రయాణం చాలా చిన్నది. అందుకే 7½ నంబరుతో పుంజులను కొట్టామని చెప్పేవారి మాట అబద్ధం కాకపోయినా, వారు కొట్టినవి సాధారణంగా పాయింటర్ కుక్క (పక్షి వాసన పట్టి, కదలకుండా నిలిచి చోటు చూపే వేటకుక్క) ముక్కు కింద నుంచి 20 గజాల్లో లేచిన పక్షులు అయి ఉంటాయి. అక్టోబరులో పంట ఇంకా నిలబడి ఉన్న రోజుల్లో, లేత పుంజులు దగ్గరగా లేచినప్పుడు 6 నంబరు చాలు. మంచు పడి, మొక్కజొన్న కోతలు పూర్తయి, మిగిలిన పక్షులు మనిషి తలుపు వేసిన చప్పుడుకే చేను అవతలి కొస నుంచి లేచిపోయే డిసెంబరులో నేను 5 నంబరు వైపే మొగ్గుతాను. 4 నంబరును మెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు, కాని 1¼ ఔన్సుల కన్నా తక్కువ గుళ్ళుండే తూటాలో దానికి దట్టం చాలదు. నా దృష్టిలో 5 నంబరు ఈ పక్షికి కొలిచి చేసినట్టు ఉంటుంది, అంగళ్ళలో అది 4, 6 నంబర్ల కన్నా తక్కువగా దొరకడం ఒక్కటే ఇబ్బంది.

బాబ్‌వైట్ క్వెయిల్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 170 గ్రాముల పక్షి, గుంపుగా ఒక్కసారి లేస్తుంది, కాల్పులు 15 నుంచి 25 గజాల మధ్యే జరుగుతాయి. 8 నంబరు అందుకు సరిపోతుంది, అడవి అంచుల్లో కాస్త దూరంగా లేచేచోట 7½ బాగుంటుంది. వుడ్‌కాక్ కూడా ఇంచుమించు ఇదే బరువు, ఇదే దూరం. తడినేలలో పొడవాటి ముక్కుతో వానపాములను తీసి తినే ఈ పక్షి మెట్ట పక్షుల జాబితాలోకి ఎలా వచ్చిందా అని ఎప్పుడూ అనుకుంటాను గాని, గ్రౌస్ తిరిగే పొదల్లోనే అదీ లేస్తుంది కాబట్టి తూటా విషయంలో రెండూ కలిసే నడుస్తాయి. రఫ్డ్ గ్రౌస్ వుడ్‌కాక్‌కు మూడింతల బరువున్నా, చర్మం పలుచన, గుండు దెబ్బకు త్వరగా పడే స్వభావం, పైగా అది కనిపించేది చెట్ల మధ్య ఒక్క క్షణమే. ఆకులు రాలకముందు 8 నంబరు, రాలిన తరువాత 7½ చాలు. కొమ్మలు సగం గుళ్ళను ఆపేస్తాయన్న భయంతో ఇక్కడ 5, 6 నంబర్లు వాడేవారి వాదన నాకు నచ్చదు. కొమ్మల మధ్య సందుల గుండా వెళ్ళవలసినప్పుడు కావలసింది సంఖ్యే.

చుకార్ ఎండిన కొండల పక్షి, పైకి పరుగెత్తి కిందికి ఎగురుతుంది. వాలు మీద నిలదొక్కుకోలేని స్థితిలో, 35 గజాల దూరంలో, మనిషి పాదాల కన్నా దిగువకు జారిపోతున్న అరకిలో పైబడిన పక్షిని కొట్టాలంటే 7½ నంబరుతో సీజన్ మొదలుపెట్టి 6 నంబరుకు మారడం సమంజసం. హంగేరియన్ పార్ట్రిడ్జ్‌కూ అదే వర్తిస్తుంది. విశాలమైన గడ్డి మైదానాల్లో తిరిగే షార్ప్‌టెయిల్ గ్రౌస్‌కు 6 నంబరు సరిపోతుంది. పెంచి వదిలిన పక్షులను వేటాడే ప్రైవేటు మైదానాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అక్కడ ఫెజెంట్ కూడా దగ్గరగానే, బద్ధకంగా లేస్తుంది కాబట్టి 6, 7½ నంబర్లలో ఏది చేతికొస్తే అది పనిచేస్తుంది.

సైజు నిర్ణయమైన తరువాత ఆ గుండు ఎంత గట్టిదో చూడాలి. ఇది పెట్టె మీద తేలికగా కనిపించని సంగతి, కాని ఫలితంలో కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. తూటా పేలిన మొదటి క్షణంలో గుళ్ళన్నీ ఒక్కసారిగా ముందుకు తోయబడతాయి, అడుగు వరసలోని గుళ్ళ మీద పై వరసల బరువంతా పడుతుంది. సీసం మెత్తనైతే అవి అక్కడే నలిగి చపటగా మారతాయి. గుండ్రని గుండు తిన్నగా పోతుంది, నలిగినది గాలిలో పక్కకు తొలగిపోతుంది లేదా వెనుకబడుతుంది. సీసంలో యాంటిమొనీ కలిపితే గట్టిపడుతుంది. చవక తూటాల్లో అది 2 శాతమో అంతకన్నా తక్కువో ఉంటే, మంచి తూటాల్లో 4 నుంచి 6 శాతం దాకా ఉంటుంది. దాని మీద రాగి పూత లేదా నికెల్ పూత వేస్తే గుండు ఈకలను లోపలికి ఈడ్చుకుపోవడం కూడా కొంత తగ్గుతుంది. ఫియోకి వారి గోల్డెన్ ఫెజెంట్‌లో నికెల్ పూత, రెమింగ్టన్ వారి నైట్రో ఫెజెంట్‌లో రాగి పూత ఉండేది ఇందుకే. ‘గేమ్ లోడ్’, ‘డవ్ అండ్ క్వెయిల్’ అని రాసి సీజన్ ముందు కుప్పలుగా పేర్చి చవకగా అమ్మే పెట్టెల్లో సాధారణంగా మెత్తని సీసమే ఉంటుంది. 20 గజాల్లో క్వెయిల్‌కు అది ఏ లోటూ చేయదు, 35 గజాల్లో ఫెజెంట్‌కు చేస్తుంది. తూటాల మీద మిగిల్చే పది రూకలు, నడిచిన మైళ్ళ ముందు, కుక్క మేత ముందు, పెట్రోలు ఖర్చు ముందు లెక్కలోకి రావు.

గుళ్ళ బరువు విషయంలో పాత ఇంగ్లిష్ తుపాకీ నిపుణుడు డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్ పేరుతో చెప్పుకునే 96 సూత్రం నాకు ఇప్పటికీ మంచి దారి చూపుతుంది. తుపాకీ బరువు గుళ్ళ బరువుకు 96 రెట్లు ఉండాలన్నది ఆ సూత్రం. 6 పౌన్ల తుపాకీ అంటే 96 ఔన్సులు కాబట్టి దానికి 1 ఔన్సు గుళ్ళు తగినవి. 1¼ ఔన్సులు కాల్చాలంటే 7½ పౌన్ల తుపాకీ కావాలి. మెట్ట వేటలో రోజంతా మోసేందుకు తేలికైన తుపాకీని కొని, దానిలో ఎక్కువ గుళ్ళు కుక్కిన 3 అంగుళాల మాగ్నమ్ తూటాలు పెట్టేవారు ఈ లెక్కను గుర్తుచేసుకుంటే భుజానికి మేలు. వెనుకదెబ్బకు భయపడిన మనిషి ట్రిగ్గర్ నొక్కే ముందే తల ఎత్తుతాడు, తల ఎత్తినవాడి గుళ్ళు పక్షి పైనుంచి పోతాయి. అదనంగా పెట్టిన పావు ఔన్సు గుళ్ళు ఆ తప్పును సరిదిద్దవు.

గేజ్ మారితే గుండు బలం మారదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒకే వేగంతో బయలుదేరిన 6 నంబరు గుండుకు తాను 12 గేజ్ నుంచి వచ్చానో 28 గేజ్ నుంచి వచ్చానో తెలియదు, మారేది ఎన్ని వచ్చాయన్నదే. 12 గేజ్‌లో 1⅛ లేదా 1¼ ఔన్సులు, 16 గేజ్‌లో 1 లేదా 1⅛, 20 గేజ్‌లో ⅞ లేదా 1 ఔన్సు, 28 గేజ్‌లో ¾ ఔన్సు అన్నవి ఆయా గొట్టాలకు ఒదిగే బరువులు. 20 గేజ్‌లో 3 అంగుళాల తూటాతో 1¼ ఔన్సులు కుక్కడం సాధ్యమే, కాని సన్నని గొట్టంలో గుళ్ళ వరుస పొడవై, అడుగున నలిగేవి ఎక్కువై, పెంచిన బరువుకు తగినంత లాభం రాదు. ¾ ఔన్సు 28 గేజ్ తన బరువుకు మించి కొడుతుందన్న ప్రశంసలో అతిశయం కొంత ఉన్నా, క్వెయిల్‌కు, వుడ్‌కాక్‌కు అంత హాయిగా మోయగల తుపాకీ ఇంకొకటి లేదు.

ఇప్పుడు వేగం. పెట్టె మీద దాన్ని రెండు రకాలుగా రాస్తారు: సెకనుకు ఇన్ని అడుగులని, లేదా ఇన్ని ‘డ్రామ్’లకు సమానమని. రెండోది పొగ వచ్చే పాతరకం నల్ల తుపాకీమందు కాలపు లెక్క. డ్రామ్ అంటే ఔన్సులో పదహారో వంతు. పొగలేని మందు కొత్తగా వచ్చినప్పుడు, ఈ తూటా ఇన్ని డ్రాముల నల్ల తుపాకీమందు తూటా అంత వేగంగా కొడుతుందని వేటగాళ్ళకు తెలియజేయడానికి పెట్టిన గుర్తు అది, లోపలి మందు బరువు ఎంతమాత్రం కాదు. 12 గేజ్‌లో 3¾ డ్రాములు, 1¼ ఔన్సులు అంటే సెకనుకు 1,330 అడుగులు, 3¼ డ్రాములు, 1¼ ఔన్సులు అంటే 1,220 అడుగులు. ఈ రెండింటి మధ్య 110 అడుగుల తేడా పెద్దదిగానే కనిపిస్తుంది. కాని గుండ్రని గుండు గాలిని చీల్చడంలో నాసిరకం, పైగా ఎంత వేగంగా వెళితే గాలి దాన్ని అంత గట్టిగా వెనక్కు లాగుతుంది. 6 నంబరు సీసపు గుండు 40 గజాలు చేరేసరికి ఆ తేడాలో దాదాపు మూడో వంతే మిగులుతుంది. దానికి బదులుగా వెనుకదెబ్బ పెరుగుతుంది, గుళ్ళు ఎక్కువ నలుగుతాయి, అవి పరుచుకునే విస్తరణ పలుచబడుతుంది. గుండు సైజు ఒక మెట్టు పెంచితే ఆ దూరంలో దక్కే లాభం దీనికన్నా నమ్మకమైనది. సీసపు తూటాల్లో 1,200 నుంచి 1,300 అడుగుల మధ్య ఏది దొరికినా నేను నిశ్చింతగా తీసుకుంటాను.

తూటా అడుగున ఇత్తడి ఎత్తుగా ఉంటే బలమైనదన్న నమ్మకం కూడా కాగితపు తూటాల కాలం నుంచి వచ్చినదే. 1960లో రెమింగ్టన్ ప్లాస్టిక్ తూటాను తెచ్చిన తరువాత ఆ ఎత్తు చాలావరకు అలవాటుగా, అలంకారంగా మిగిలింది. ఇత్తడిని చూసి కాక, అచ్చయిన అంకెలను చూసి కొనాలి.

వేగం గురించి నేను చెప్పినదానికి ఒక మినహాయింపు ఉంది, అది స్టీల్ గుండు. సీసం వాడకూడని చోట్లు పెరుగుతున్నాయి కాబట్టి ఈ ప్రస్తావన తప్పదు. బాతులు, హంసలు, కూట్ పక్షుల వేటలో సీసం 1991 నుంచి దేశమంతటా నిషిద్ధం. ఆ నియమం మెట్ట పక్షులకు నేరుగా వర్తించదు. కాని నీటి పక్షుల కోసం కేటాయించిన సమాఖ్య ప్రభుత్వపు వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాల్లో ఫెజెంట్‌ను వేటాడినా విషరహిత గుళ్ళే దగ్గర ఉండాలి, సౌత్ డకోటాలోని చాలా ప్రభుత్వ వేట భూముల్లోనూ అంతే, కాలిఫోర్నియాలోనైతే 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం పనికిరాదు. పక్షులు తిండి అరగడానికి చిన్న రాళ్ళను ఏరుకుని మింగుతాయి, వాటితోపాటు నేల మీద పడ్డ సీసపు గుళ్ళనూ మింగి విషంతో చస్తాయి. గాయపడి చచ్చిన పక్షిని తిన్న గద్దలకూ అదే గతి. ఈ కారణం తెలిసిన తరువాత, నిషేధం లేని చోట కూడా సీసం వదిలేసిన వేటగాళ్ళను చాదస్తులనడం సరికాదు.

స్టీల్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములు, సీసానిది 11.3. కాబట్టి అదే బరువు గుండు కావాలంటే రెండు మెట్లు పెద్ద సైజు తీసుకోవాలి: సీసంలో 6 నంబరు వాడేచోట స్టీల్‌లో 4, సీసంలో 5 వాడేచోట స్టీల్‌లో 3. ఔన్సు స్టీల్‌లో 4 నంబరు గుళ్ళు సుమారు 192 వస్తాయి కాబట్టి సంఖ్యలో పెద్దగా నష్టం లేదు. తేలికైన గుండు దారిలో త్వరగా నెమ్మదిస్తుంది, అందువల్ల 1,400 అడుగులో అంతకన్నా ఎక్కువో బయలుదేరడం ఇక్కడ నిజంగానే ఉపయోగం. స్టీల్ నలగదు గనుక నెమ్మదిగా తోయవలసిన అవసరమూ లేదు. గొట్టం మూతిని కాస్త సన్నబరచి గుళ్ళ విస్తరణను బిగించే భాగాన్ని చోక్ అంటారు, బిగువు పెరిగే వరుసలో దాని మెట్లు సిలిండర్, ఇంప్రూవ్డ్ సిలిండర్, మాడిఫైడ్, ఫుల్. స్టీల్ నలగకపోవడం వల్లనే విస్తరణ బిగువుగా వస్తుంది, సీసానికి మాడిఫైడ్ చోక్ వాడేవారు స్టీల్‌కు ఇంప్రూవ్డ్ సిలిండర్‌కు దిగవచ్చు. ఫుల్ చోక్‌లో స్టీల్‌ను కాల్చడం, పాత కాలపు పలుచని గొట్టాల్లో కాల్చడం మాత్రం గొట్టాన్ని ఉబ్బించగల పని. వండిన మాంసంలో మిగిలిపోయిన స్టీల్ గుండు పన్ను విరగ్గొడుతుందన్నది కూడా వంటవారు గుర్తుంచుకోవలసిన సంగతి.

పాత తుపాకీ ఉన్నవారికి బిస్మత్ సరైన దారి. దాని సాంద్రత 9.6 దరిదాపుల్లో ఉంటుంది, మెత్తన కాబట్టి గొట్టాన్ని గీయదు, సీసం కన్నా ఒక మెట్టు పెద్ద సైజు తీసుకుంటే చాలు. ధర సీసానికి కొన్ని రెట్లు ఉంటుంది గాని, మెట్ట వేటలో ఒక పూటకు పేలే తూటాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు కాబట్టి భరించగలిగినదే. సాంద్రత 18 దాకా ఉండే టంగ్‌స్టన్ మిశ్రమపు గుళ్ళు ఇంకో లోకం. వాటిలో 9 నంబరు గుండు చొచ్చుకుపోవడంలో సీసపు 4, 5 నంబర్లతో పోటీపడుతుంది. దాని ధరకు, దాని బలానికి తగిన అవసరం ఈ వేటలో నాకు కనిపించలేదు.

ఇంత ఆలోచించి కొన్న తూటా కూడా మన తుపాకీలో ఎలా పడుతుందో కాగితం మీద చూసేదాకా తెలియదు. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో సిలిండర్ చోక్ 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్ 50, మాడిఫైడ్ 60, ఫుల్ 70 శాతం గుళ్ళను పడవేయాలన్నది వాడుకలో ఉన్న కొలత. చోక్ మీద పేరు ఒకటి, కాగితం మీద శాతం ఇంకొకటి కావడం మామూలే, తూటా మార్చినా శాతం మారుతుంది. నాలుగడుగుల వెడల్పున్న కాగితాన్ని కట్టి, మధ్యలో చుక్క పెట్టి, దాన్ని గురి చూసి ఒక్కసారే కాల్చాలి. ఆ తరువాత గుళ్ళు దట్టంగా పడిన చోటును కేంద్రంగా తీసుకుని వలయం గీసి లెక్కపెట్టాలి. ఒక్కో కాల్పుకు ఒక కొత్త కాగితం కావాలి, ఒకే కాగితంతో తీర్పు చెప్పకూడదు, కనీసం అయిదింటి సగటు తీయాలి. దట్టమైన చోటు చుక్కకు ఎంత దూరంలో ఉందో కూడా చూడాలి, ఎందుకంటే కొన్ని గొట్టాలు గురి పెట్టిన చోట కొట్టవు, ఆ సంగతి పొలంలో ఎన్నటికీ బయటపడదు.

ఫెజెంట్‌కు ఆ వలయంలో 90 నుంచి 100 గుళ్ళు పడాలన్నది నేను పెట్టుకున్న కనీసం. 1¼ ఔన్సుల 5 నంబరు సీసం 212 గుళ్ళు, మాడిఫైడ్ చోక్‌లో 60 శాతం పడితే 127, కాబట్టి 40 గజాలకు ధైర్యంగా కాల్చవచ్చు. 1 ఔన్సు 20 గేజ్‌లో అదే నంబరు 170 గుళ్ళు, ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో 85 మాత్రమే పడతాయి. అంటే తూటా తప్పు కాదు, దూరం తగ్గించుకోవాలి లేదా చోక్ బిగించాలి లేదా 6 నంబరుకు దిగాలి. క్వెయిల్, గ్రౌస్ వంటి వాటికి 40 గజాల కాగితం అనవసరం, 20, 25 గజాల్లో కాల్చి చూస్తే విస్తరణ మరీ బిగిసి పక్షిని ఛిద్రం చేసేలా ఉందో, తగినంత విచ్చుకుందో తెలుస్తుంది. ఇరుకు అడవుల్లో బిగువైన చోక్‌తో ఇబ్బందిపడేవారికి, గుళ్ళను త్వరగా విడదీసే స్ప్రెడర్ తూటాలు కూడా దొరుకుతాయి.

రెండు గొట్టాల తుపాకీలో రెండు వేర్వేరు తూటాలు పెట్టగలగడం మెట్ట వేటకు దక్కిన సౌకర్యం. మొదటి గొట్టంలో ఇంప్రూవ్డ్ సిలిండర్‌కు 6 నంబరు, పక్షి దూరమయ్యాక పేలే రెండో గొట్టంలో మాడిఫైడ్‌కు 5 నంబరు పెట్టుకుంటాను. డిసెంబరులో రెంటిలోనూ 5 నంబరే. ఒకే గొట్టంతో వరుసగా పలు తూటాలు కాల్చే పంప్, సెమీ ఆటోమేటిక్ తుపాకీలవారు కూడా మొదట పేలేది 6, తరువాతివి 5 అయ్యేలా నింపుకోవచ్చు. వుడ్‌కాక్ వలసపక్షి కాబట్టి దాని వేటలో అలాంటి తుపాకీ మూడు తూటాలకు మించి పట్టకుండా ప్లగ్ వేసి ఉండాలన్నది సమాఖ్య నియమం. కాగితం మీద నెగ్గిన తూటా దొరికిన వెంటనే సీజన్‌కు సరిపడా పెట్టెలు ఒకే దఫా కొనడం మేలు, ఎందుకంటే నవంబరు మధ్యలో అయిపోతే అదే నంబరు, అదే బరువు ఉన్న వేరే కంపెనీ తూటాను తెచ్చుకున్నా దాన్ని మళ్ళీ కాగితం మీద చూడవలసిందే. పెట్టె మూత లోపల ఏ గొట్టం, ఏ చోక్, ఎన్ని గజాలు, ఎంత శాతం అన్నది పెన్సిలుతో రాసిపెడితే మరుసటి ఏడాది ఈ లెక్కంతా తిరిగి మొదలుపెట్టనక్కరలేదు.